‘ఏం తిన్నావు?’ అని అడిగే ముందు

షుగర్ ఉన్న మనిషి రిపోర్టులో అంకె పెరిగిందంటే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో మొదట పడే ప్రశ్న ఒకటే: ఏం తిన్నావు? భార్య అడుగుతుంది, హైదరాబాదు నుంచి కొడుకు ఫోన్ చేసి అడుగుతాడు, ఓపీ చీటీ మీద నుంచి తల ఎత్తకుండా డాక్టరు గారూ అడుగుతారు. సిరిమానోత్సవం అయిన వారమైతే చుట్టాలింటి భోజనాల మీద, సంక్రాంతి వెళ్లిన వారమైతే అరిసెల మీద, ఎండాకాలమైతే మామిడిపండు మీద నేరం పడుతుంది. ఆ నేరం రుజువయ్యేలోపే బిళ్ల డోసు పెరిగిపోతుంది.

ఆ ప్రశ్న అడగొద్దని కాదు, మొదట అడగొద్దంటాను. చేతి నుంచి తీసిన రక్తం మిషను చేరేలోపు ఏమైంది, ఆ పరీక్ష కొలిచింది షుగర్నేనా లేక షుగర్ పేరుతో ఇంకోదాన్నా, ఈ నెల రోజుల్లో ఒంట్లోకి కొత్తగా ఏ మందు వెళ్లింది, ఇవి తేలాక పళ్లెం సంగతి. తేల్చడానికి ల్యాబు చదువు అక్కర్లేదు. ఒక అంకె పక్కన ఇంకో అంకె పెట్టి, రెండిటికీ పొంతన కుదిరిందా లేదా చూడటం వస్తే చాలు. పెళ్లి సంబంధానికి పది పొంతనలు చూసే మనం ఒంటి విషయంలో మాత్రం ఒక్క అంకెకే తాళి కట్టేస్తాం.

మూడు నెలల టెస్టు

ఏ1సీ దగ్గర మొదలుపెడదాం, ఎక్కువ గొడవ దాని దగ్గరే కాబట్టి. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి రక్తంలోని గ్లూకోజు అంటుకుంటుంది. ఎంత శాతానికి అంటుకుందో ఈ పరీక్ష చెబుతుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, అందుకే మూడు నెలల సగటు అంటారు. అలాగని మూడు నెలలకీ సమాన వాటా లేదు, ఇంచుమించు సగం వాటా ఆఖరి నెలదే. శాతాన్ని సగటు షుగర్‌గా మార్చే లెక్క తేలికే: ఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేయాలి. 6 అంటే 126, 7 అంటే 154, 8 అంటే 183, 9 అంటే 212. ఇవన్నీ మన రిపోర్టుల్లో ఉండే డెసీలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలే.

ఒక రిపోర్టు చూద్దాం. ఏ1సీ 8.4, లెక్క ప్రకారం సగటు 194. ఇంట్లో మీటరు పుస్తకం తెరిస్తే పరగడుపు అంకెలు 112, 118, 125. ల్యాబు తప్పంటారు ఇంట్లో వాళ్లు, మీటరు తప్పంటారు ల్యాబు వాళ్లు. చాలాసార్లు ఇద్దరిదీ తప్పు కాదు. పరగడుపున మాత్రమే చూసుకునే మనిషికి మిగతా ఇరవై గంటల సంగతి తెలియదు. మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం తిని, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నమే తిని, తెల్లారేసరికి 118కి దిగిపోయే శరీరాలు బోలెడున్నాయి. కాబట్టి ఒక వారం స్ట్రిప్పుల్ని మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకీ, రాత్రి భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకీ వాడండి. లెక్క మొదటి ముద్ద దగ్గర్నుంచి, చేయి కడిగిన దగ్గర్నుంచి కాదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పరగడుపుది మానకుండా వీటిని అదనంగా చూసుకోవాలి. అక్కడ 240, 260 కనపడితే ఏ1సీ నిజమే చెప్పింది. అక్కడా 150, 160లే వస్తుంటే ఇక రక్తాన్ని అనుమానించాలి.

అంటే అదే కాగితంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి. ఆడవాళ్లలో 12, మగవాళ్లలో 13 కన్నా తక్కువైతే రక్తహీనత. ఐరన్ లోపం ఉన్నప్పుడు కొత్త కణాలు తక్కువగా పుడతాయి, రక్తంలో ముసలి కణాల వాటా పెరుగుతుంది. ముసలి కణం ఎక్కువ రోజులు గ్లూకోజు మధ్య తిరిగింది కాబట్టి ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బీ12, ఫోలిక్ యాసిడ్ లోపాల్లోనూ ఇంతే. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్లను ఏళ్ల తరబడి మింగేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే కనక ఇది ఎక్కడో ఒకరికి జరిగే సంగతి కాదు. హిమోగ్లోబిన్ 9, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6 ఉన్న మనిషికి ఏ1సీ 7.6 వచ్చిందని షుగర్ బిళ్ల పెంచడం నా దృష్టిలో తొందరపాటు. ముందు ఐరన్ మొదలవ్వాలి, ఐరన్ ఎందుకు పోతోందో తెలియాలి, అంతవరకూ మీటరు అంకెల మీదే బండి నడవాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఐరన్ గానీ బీ12 సూదులు గానీ మొదలుపెట్టిన నెలా రెండు నెలల్లో కొత్త కణాలు ఒక్కసారిగా ఎక్కువగా పుడతాయి. వాటికి గ్లూకోజు అంటుకునే వ్యవధి ఇంకా దొరకలేదు. ఏ1సీ టక్కున పడిపోతుంది. ఆ నెలలో 6.4 చూసి షుగర్ లొంగిందని బిళ్ల తగ్గించడం కూడా అంతే పొరపాటు.

చిన్న తేడాల గురించి ఒక మాట. పోయినసారి 7.1, ఈసారి 7.4 వచ్చిందని పంచాయితీ పెట్టేవాళ్లున్నారు. అర శాతం లోపు తేడాని, అందునా రెండు వేరే ల్యాబుల మధ్య తేడాని, నేను మార్పుగా లెక్కపెట్టను. మూడు రిపోర్టులు వరసగా ఒకే వైపు జరిగితే అప్పుడు లెక్క.

మంచి అంకెను ఎవరూ అనుమానించరు

అసలు ప్రమాదం ఇక్కడుంది. 8.4 వస్తే పది మంది పరిశోధకులవుతారు. 5.9 వస్తే స్వీటు తెప్పిస్తారు. ఏ1సీ 5.9 అంటే సగటు 123. అదే మనిషికి మధ్యాహ్నం భోజనం తర్వాత మీటరులో తరచూ 230 వస్తుంటే ఆ రెండు అంకెలకీ పొంతన లేదు. నమ్మాల్సింది 230నే.

ఎర్రకణాలు 120 రోజులు బతకకుండా ముందే పోతుంటే ఏ1సీ తక్కువగా వస్తుంది. మూలశంక వల్లో, నెలసరి ఎక్కువ కావడం వల్లో రక్తం పోతున్నవాళ్లు, ఈ మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు, రక్తదానం చేసినవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే మలేరియా వచ్చి తగ్గినవాళ్లు, ఎర్రకణాలు త్వరగా చిట్లే జీ6పీడీ లోపం ఉన్నవాళ్లు, కుష్ఠు చికిత్సలో ఇచ్చే డాప్సోన్ వాడేవాళ్లు, డయాలసిస్ మీద ఉండి రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ సూదులు వేయించుకునేవాళ్లు, వీళ్లెవరికీ ఏ1సీ ఒక్కదాన్నే పట్టుకుని మందు నిర్ణయించకూడదు.

మన ఏజెన్సీకి సంబంధించి సికిల్ సెల్, అంటే హిమోగ్లోబిన్ తేడాగా ఉండే వంశపారంపర్య రక్త జబ్బు గురించి విడిగా చెప్పాలి. సీతంపేట, పాలకొండ, పార్వతీపురం, కురుపాం వైపు, అంటే 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అయిన ప్రాంతంలో, గిరిజన కుటుంబాల్లో ఈ జన్యువు ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వచ్చినవాళ్లకి సాధారణంగా ఏ బాధా ఉండదు, తమకు ఉన్నట్టే తెలియదు. కానీ కొన్ని రకాల ఏ1సీ మిషన్లు ఆ హిమోగ్లోబిన్‌ని సరిగ్గా పోల్చుకోలేక ఎక్కువో తక్కువో చూపిస్తాయి. ఇద్దరి నుంచీ వచ్చి జబ్బుగా ఉన్నవాళ్లలో అయితే మామూలు పెద్దల హిమోగ్లోబినే ఉండదు కాబట్టి ఏ పద్ధతిలో చేసినా ఏ1సీకి అర్థం లేదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఇచ్చే కార్డు ఇంట్లో ఉంటే షుగర్ పరీక్షకి వెళ్లేటప్పుడు అదీ పట్టుకెళ్లండి. ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ అనే, హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసే పద్ధతి వాడితే గ్రాఫు కాగితం వస్తుంది. అది అడిగి తీసుకోండి. తేడా హిమోగ్లోబిన్ ఉంటే ఆ గ్రాఫులో విడిగా ఒక శిఖరం లేస్తుంది, చాలా మిషన్లు దాని పక్కన గుర్తు కూడా వేస్తాయి. వేలి చుక్కతో ఐదు నిమిషాల్లో ఏ1సీ చెప్పే చిన్న పెట్టెల్లో ఈ గ్రాఫు ఉండదు.

మరి వీళ్లు దేన్ని చూసుకోవాలి? మీటరు పుస్తకం మొదటిది. ఫ్రక్టోసమిన్ గానీ గ్లైకేటెడ్ ఆల్బుమిన్ గానీ రెండోది. ఇవి ఎర్రకణం మీద కాకుండా రక్తంలోని ప్రొటీను మీద ఆధారపడతాయి, రెండు మూడు వారాల సగటు చెబుతాయి. మూత్రంలో ప్రొటీను బాగా పోతున్నవాళ్లకి ఇవీ తక్కువ చూపిస్తాయి. ఆ సంగతి తెలిసి చదవాలి.

నాకు అన్నిటికన్నా భయం వేసే మంచి అంకె వేరే ఉంది. ఏళ్లుగా రోజుకి 30 యూనిట్ల ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి, తిండీ పనీ ఏమీ మారకుండానే, పరగడుపు 160 నుంచి 85కి దిగుతుంది. యూనిట్లు తగ్గించాల్సి వస్తుంది. తెల్లవారుజామున చెమటలు పడుతుంటాయి. ‘షుగర్ పోయింది’ అని ఊరంతా చెప్పుకుంటారు, ఏదో ఆకు రసానికి ఆ పుణ్యం కట్టబెడతారు. ఒంట్లోకి సూదిగా వెళ్లిన ఇన్సులిన్‌ని బయటికి పంపడంలో కిడ్నీలకి పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతింటే అదే డోసు ఎక్కువసేపు పనిచేస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్లలూ ఒంట్లో పేరుకుపోతాయి. కారణం లేకుండా షుగర్ మెరుగుపడితే ఆ వారమే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

క్రియాటినిన్, ఉద్దానం

రిపోర్టులో నార్మల్ అని అచ్చేసిన గీతలోపలే క్రియాటినిన్ ఉంది కదా అని వదిలేయొద్దు. 65 ఏళ్ల ఆవిడకి 1.3, 30 ఏళ్ల కుర్రాడికి 1.3. 2021 నాటి సీకేడీ ఈపీఐ సూత్రంలో వేస్తే కుర్రాడి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత అంచనా, సుమారు 76, ఆవిడది సుమారు 46. కాగితం మీద ఇద్దరిదీ ఒకే అంకె, ఒకే ‘నార్మల్’. ఈజీఎఫ్ఆర్ రిపోర్టులో లేకపోతే వేసిమ్మని అడగండి, వయసూ ఆడా మగా తెలిస్తే చాలు. మెట్‌ఫార్మిన్ డోసు కూడా దీని మీదే ఆధారపడుతుంది. 45 కన్నా దిగితే రోజుకి మొత్తం 1000 మిల్లీగ్రాములు దాటకుండా తగ్గిస్తారు, 30 కన్నా దిగితే ఆపేస్తారు.

క్రియాటినిన్ ఉన్నట్టుండి పెరిగినప్పుడు కూడా ముందు చూడాల్సినవి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మింగుతున్నారా? ముందు రోజు ఎండలో పొలం పని చేసి నీళ్లు తక్కువ తాగారా? విరేచనాలా? ముందు రాత్రి మాంసం తిన్నారా? ఉడికిన మాంసం కొన్ని గంటల పాటు క్రియాటినిన్‌ని పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి కొత్తగా మొదలుపెట్టారా? వాటితో మొదటి వారాల్లో 30 శాతం దాకా పెరగడాన్ని డాక్టర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. షుగర్‌ని మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్లలు మొదలుపెట్టినప్పుడూ ఈజీఎఫ్ఆర్ కొంచెం దిగి అక్కడే నిలుస్తుంది. ఆ దిగుడు చూసి కిడ్నీని కాపాడే మందునే సొంతంగా మానేయడం బాధాకరం. మానాలా వద్దా అన్నది రాసిన డాక్టరు తేల్చాలి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే ఉద్దానంలో, ఉండే షుగర్ మనిషికి ఇంకో ప్రశ్న ఉంటుంది: కిడ్నీ చెడింది షుగర్ వల్లా, ఉద్దానం వల్లా? అక్కడి కిడ్నీ జబ్బుకి మూలకారణం పరిశోధకులు ఇంకా తేల్చలేదు. షుగర్ లేనివాళ్లకీ అది వస్తోంది, మూత్రంలో ప్రొటీను పెద్దగా పోకుండానే క్రియాటినిన్ పెరగడం దాని పోకడ. షుగర్ వల్ల చెడే కిడ్నీలో మామూలుగా ముందు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను కనపడుతుంది, క్రియాటినిన్ తర్వాత పెరుగుతుంది, ఎక్కువ మందికి కంటి రెటీనాలోనూ షుగర్ మచ్చలుంటాయి. కాబట్టి క్రియాటినిన్ 1.9, షుగర్ వచ్చి మూడేళ్లే, మూత్రం ఆల్బుమిన్ మామూలే, రెటీనా శుభ్రం అంటే నేరం షుగర్ మీద వేసి ఊరుకోకూడదు. స్కానింగు, కిడ్నీ డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాక దీనికోసం విశాఖ పరిగెత్తాల్సిన అవసరం కొంత తగ్గింది.

మూత్రంలో ఆల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో పోల్చి చూసే పరీక్ష చేయించండి. ఉత్త ‘యూరిన్ రొటీన్’ చాలదు. పొద్దున లేచాక మొదటి మూత్రం మేలు. గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి, ముందు రోజు బరువు పని, షుగర్ మరీ ఎక్కువగా ఉండటం, ఇవన్నీ దాన్ని తాత్కాలికంగా పెంచుతాయి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడు సార్లు చేస్తే రెండు సార్లయినా పెరిగితేనే పెరిగినట్టు.

ట్యూబులో ఏం జరుగుతుంది

తీసిన రక్తం ట్యూబులోనూ బతికే ఉంటుంది. అందులోని కణాలు గ్లూకోజు తింటూనే ఉంటాయి, గంటకి ఐదు నుంచి ఏడు శాతం చొప్పున. సారవకోటలోనో మెరకముడిదాంలోనో పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడు ఇంకో పది ఇళ్లు తిరిగి తొమ్మిదింటికి ల్యాబు చేరితే, మామూలు ట్యూబులో ఉన్న 140 కాస్తా 116 దగ్గరికి వస్తుంది. అందుకే షుగర్ రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబులో తీస్తారు. అయితే ఫ్లోరైడ్ కూడా తక్షణం ఆపదు. పూర్తిగా పట్టు బిగించడానికి గంటా రెండు గంటలు పడుతుంది, ఈలోపు కొంత తరుగుతుంది. ఏ1సీకి తీసే ఊదారంగు మూత ట్యూబుకి ఈ బాధ లేదు. చల్లగా ఉంచితే రోజులు ఆగినా ఏ1సీ దాదాపు మారదు. కాబట్టి పరగడుపు 104, ఏ1సీ 8.1 అని ఒకే కాగితంలో వస్తే ఎన్ని గంటలకి రక్తం తీశారు, ఎన్ని గంటలకి మిషన్లో పెట్టారు అని తప్పక అడగండి. సమాధానం లేని ల్యాబుకి రెండోసారి వెళ్లనక్కర్లేదు.

అదే ప్రయాణంలో పొటాషియం ఎదురు దిక్కుగా నడుస్తుంది. ఎర్రకణాల లోపల పొటాషియం బయటికన్నా చాలా ఎక్కువ. ఆలస్యమైనా, సూది సరిగా గుచ్చక కణాలు చిట్లినా, పట్టీ బిగించి పిడికిలి పదిసార్లు మూసి తెరవమన్నా అది పెరుగుతుంది. షుగర్ అనుకున్నదానికన్నా తక్కువ, పొటాషియం అనుకున్నదానికన్నా ఎక్కువ, ఈ రెండూ కలిసి వస్తే నా మొదటి అనుమానం దారిలో జరిగిన ఆలస్యం మీదే. పొటాషియం విపరీతంగా పెరిగి కాల్షియం విపరీతంగా తగ్గితే ఊదా మూత ట్యూబులోని మందు వేరే ట్యూబులో కలిసిందని అర్థం. మరోటి, వాంతులైన మనిషికి గ్లూకోజు సెలైన్ ఎక్కుతుండగా అదే చేతి నుంచి రక్తం తీస్తే షుగర్ 600 దాకా వస్తుంది. రెండో చేతి నుంచి తీయించండి.

అయినా పొటాషియం నిజంగానే పెరిగిన కేసుల్ని ట్యూబు మీద తోసేయకండి. టెల్మిసార్టాన్ వాడుతూ, కిడ్నీ కొంత దెబ్బతిని, ‘చలవ చేస్తుంది’ అని రోజుకి రెండు బొండాలు తాగే మనిషి ఉద్దానం కొబ్బరి తోటల్లో అరుదు కాదు. ఒక పెద్ద బొండంలో అర గ్రాము దాకా పొటాషియం ఉంటుంది.

ఇంటి మీటరు సంగతీ ఇలాగే తేల్చుకోవచ్చు. ల్యాబులో పరగడుపు రక్తం ఇచ్చే నిమిషంలోనే మీ మీటరుతో వేలి చుక్క చూడండి. ల్యాబు అంకె 160 అయితే మీటరు 136కీ 184కీ మధ్య ఉండొచ్చు. మీటర్లకి ఉన్న ప్రమాణమే 100 పైన 15 శాతం అటూ ఇటూ, 100 లోపు 15 పాయింట్లు అటూ ఇటూ. ఈ పోలిక తిన్నాక చేయకండి, అప్పుడు వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కన్నా సహజంగానే ఎక్కువ. మామిడిపండు, పనస తొనలు, జీడిమామిడి పండు ముట్టుకున్న వేలితో చుక్క తీస్తే 120 ఉన్నచోట 250 వస్తుంది. శానిటైజర్ రాస్తే పోదు, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేసినా, రేకుల ఇంట్లో మే నెల వేడికి పెట్టినా స్ట్రిప్పులు చెడతాయి. ఫ్రిజ్‌లో కూడా వద్దు. రక్తం బాగా తక్కువున్న మనిషికి మీటరు అంకె ఎక్కువ చూపే అవకాశం ఉంది.

తిన్నాక తక్కువ, తినకముందు ఎక్కువ

పరగడుపు 168, టిఫిన్ తర్వాత 149. ల్యాబు వాళ్లు కాగితాలు తారుమారు చేశారని వాదన మొదలవుతుంది. చేయకపోవచ్చు. తెల్లవారుజామున కాలేయం గ్లూకోజు వదులుతుంది, అందుకే పరగడుపు ఎక్కువ. రక్తం ఇచ్చాక గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకుని, టెస్టు భయంతో ఎప్పుడూ తినే నాలుగు ఇడ్లీలకి బదులు రెండే తిని, ల్యాబు చుట్టూ తిరిగి, మూడు గంటల తర్వాత మళ్లీ రక్తం ఇస్తే 149 రావడంలో వింతేముంది? ఆ 149కి విలువ లేదు. పరీక్ష రోజు రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి, డాక్టరు వేరేగా చెబితే తప్ప. పరీక్షకి ముందు మూడు రోజులు పత్యం చేసి వెళ్లేవాళ్లు ఎవరిని మోసం చేస్తున్నారో నాకు అంతుపట్టదు.

పరగడుపు 120, మధ్యాహ్నం మూడింటికి 290 అనే జత కనపడితే స్టెరాయిడ్ గురించి అడగండి. నొప్పులకో, ఆయాసానికో, దురదకో ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూది, చీటీ లేకుండా ఇచ్చిన తెల్ల బిళ్ల, కీళ్లకి మంచిదని సంతలో కొన్న పేరులేని పొడి. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షుగర్ పెంచుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. కీలులోకి ఇచ్చిన సూది ప్రభావం కొన్ని రోజుల నుంచి వారం దాకా ఉంటుంది. అలాంటి వారంలో పెరిగిన షుగర్‌కి శాశ్వతంగా డోసు పెంచితే సూది ప్రభావం పోయాక లో షుగర్ వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం బిళ్లలు వాడేవాళ్ల మూత్రంలో షుగర్ మూడు ప్లస్సులు, నాలుగు ప్లస్సులు ఉండటం జబ్బు కాదు, ఆ మందు చేసే పనే అది. రక్తంలో కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే లెక్క కట్టి రాసిన ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) అంకె చెల్లదు, నేరుగా కొలవమనాలి. తిమ్మిర్లకి, జుట్టుకి రాసే బిళ్లల్లో బయోటిన్ ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పు రావచ్చు, రెండు రోజుల ముందు ఆపి వెళ్లండి. బీ12 స్థాయి చూడాలంటే సూది వేయించుకోక ముందే చూడాలి.

ఇక పళ్లెం

రెండు వేరే రకాల సాక్ష్యాలు ఒకే మాట చెబితే, ఏ1సీ, తిన్నాక మీటరు రెండూ ఎక్కువే అంటే, ఇంకా ల్యాబు మీద సాకు వెతకడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. అప్పుడు అడగండి ఏం తిన్నావని, కానీ కొలిచి అడగండి. భోజనానికి ముందు ఒక చుక్క, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఇంకో చుక్క. తేడా 60 దాటితే ఆ భోజనంలో పిండిపదార్థం ఎక్కువైంది. రెండు రోజులాగి అదే కూర, అదే పప్పు, అన్నం మాత్రం సగం చేసి మళ్లీ చూడండి. ఇదే పద్ధతి చోడి (రాగి) అంబలికీ పెట్టండి. చోళ్లలో పీచు, కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ పిండిపదార్థం బియ్యానికి పెద్ద తీసిపోదు. మెత్తగా కాచిన అంబలి త్వరగా ఒంటబడుతుంది. షుగర్‌కి మంచిదని రెండు పెద్ద గ్లాసులు తాగేవాళ్లు ఒకసారి చుక్క తీసి చూసుకుంటే చాలు, నాతో వాదించనక్కర్లేదు.

పొంతనలు చూస్తూ కూర్చోకూడని అంకెలు కొన్ని ఉన్నాయి. షుగర్ 70 కన్నా తక్కువైతే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకి మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. 300 దాటి వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే ఆ గంటే ఆసుపత్రి. డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం మందు వాడేవాళ్లకి వాంతులూ ఆయాసమూ ఉంటే షుగర్ 180 ఉన్నా అంతే, షుగర్ పెరగకుండానే కీటోన్లు (రక్తాన్ని ఆమ్లంగా మార్చేవి) పెరిగే ప్రమాదం ఆ మందుతో ఉంది. పొటాషియం 6 దాటితే ట్యూబు తప్పో నిజమో తేల్చాల్సింది ఆ రోజే, ఈసీజీతో పాటు. క్రియాటినిన్ వారంలో ఒకటిన్నర రెట్లయి మూత్రం తగ్గితే మళ్లీ టెస్టు కోసం రెండు వారాలు ఆగకూడదు.

ఇవి కాని వాటికి వ్యవధి ఉంది. పరగడుపు అంకె మీద అనుమానముంటే అదే వారంలో, ల్యాబుకే నడిచి వెళ్లి అక్కడే రక్తం ఇచ్చి మళ్లీ చూడండి. కొద్దిగా పెరిగిన క్రియాటినిన్‌ని నొప్పి బిళ్లలు ఆపి, నీళ్లు మామూలుగా తాగి, ముందు రాత్రి మాంసం లేకుండా వారం పది రోజుల్లో చూడొచ్చు. కిడ్నీ జబ్బు పాతదని ముద్ర వేయాలంటే మూడు నెలలు అదే తీరు ఉండాలి. మందు మార్చాక ఏ1సీని మూడు నెలల లోపు చూడటం డబ్బు దండగ.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు వెనకాలే నాలుగు ముక్కలు రాసుకోండి: ఆఖరిసారి ఎన్నింటికి తిన్నారు, రక్తం ఎన్నింటికి తీశారు, ఆ పొద్దున ఏ మందు వేసుకున్నారు, ఈ మూడు నెలల్లో జ్వరం, సూదులు, ఐరన్, రక్తం ఎక్కించడం ఏమైనా ఉన్నాయా. పాత రిపోర్టుల్లో కనీసం మూడు వెంట ఉండాలి. కొన్ని ల్యాబులు ఇచ్చే నున్నటి థర్మల్ కాగితం ఏడాదిలో తెల్లబడిపోతుంది, ఇంటికి రాగానే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.